రత్నం సర్దిన బండి

నేను ఒక తోకబండిని. మోటారు సైకిలు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ట్రైలర్ని. ముందే ఒక మాట చెప్పేస్తాను. నా కథలో చివరికి ఏదో మంచి జరుగుతుందని ఆశపెట్టుకుని వినకండి. జరగదు. చెప్పినందువల్ల నాకు ఒరిగేదీ లేదు. కదలకుండా పడి ఉన్నదాన్ని, వేరే పనేమీ లేక చెబుతున్నాను.

వెనక నడవడం నా వృత్తి. అందుచేత మనుషులు నాకు ఎక్కువగా వీపుల వైపు నుంచే తెలుసు. ఎదుటివాడు చూస్తున్నాడని తెలిస్తే ముఖం సర్దుకుంటుంది గానీ వీపుకు ఆ తెలివితేటలు లేవు. భయం వేస్తే బిగుసుకుంటుంది, సంతోషం వేస్తే వదులవుతుంది. నేను ముఖ్యంగా ఎరిగినవి రెండు వీపులు. ఒకటి డ్రిల్లు మాస్టారిది, రెండోది ఆయన భార్య రత్నానిది.

నా పుట్టిల్లు గాజువాక ఆటోనగర్‌లో ఎర్నాయుడు వెల్డింగు షెడ్డు. లారీలకు బాడీలు కట్టే చోట నాలాంటి పిల్లబండి తయారవడం చుట్టుపక్కల షెడ్లవాళ్ళకు పెద్ద వినోదం. నా ఇరుసు ఒక ఆటోది. చక్రాలు రెండూ పాత స్కూటరువి. పెట్టె రేకు ఏదో ముసలి బస్సుది. దాని మీద నీలం రంగు వేసినా, ఎండ ఏటవాలుగా పడినప్పుడు 'చేతులు బయట పెట్టరాదు' అన్న అక్షరాలు లీలగా పైకి తేలతాయి. ఇలా నలుగురి అవయవాలతో పుట్టినదాన్ని కనక నాకు కులగోత్రాల పట్టింపు లేదు.

నన్ను చేయించిన మనిషి పేరు సన్యాసిరావు. చోడవరంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, స్కౌటు మాస్టారు కూడా. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవరు, అందరికీ మాస్టారే. పిల్లల చేత ముడులు వేయించీ, గుడారాలు పాతించీ ఆయనకు ఆ పిచ్చి పట్టుకుంది. సెలవులొస్తే చాలు, బుల్లెట్టు మీద భార్యను ఎక్కించుకుని ఏ ఏటి ఒడ్డునో, ఏ కొండ పక్కనో గుడారం వేసుకుని రెండు మూడు రోజులు ఉండి రావడం ఆయనకు అలవాటు. సామాను ఎక్కువై, బండి మీద ఆమెకు కూర్చునే జాగా తక్కువై, కాగితం మీద నా బొమ్మ గీసుకుని ఎర్నాయుడి దగ్గరికి వచ్చాడు.

"ఏటి మాస్టారూ, బుల్లెట్టుకి తోక కట్టమంటారా?" అన్నాడు ఎర్నాయుడు.

"తోక కాదు నాయుడూ, ఇల్లు. గుడారం, పొయ్యి, బియ్యం, మా ఆవిడ దుప్పట్లు, అన్నీ ఇందులో ఎక్కాల."

"మరి మీ ఆవిడ?"

"ఆవిడ నా ఎనకాలే కూకుంటాది. ఎప్పుడూ అక్కడే."

నన్ను ఇంటికి తెచ్చిన రోజున నూకరత్నం వీధి గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మెళ్ళో టేపు వేలాడుతూనే ఉంది. నా చుట్టూ ఒకసారి తిరిగి, టేపు తీసి, నా పొడవూ వెడల్పూ లోతూ కొలిచింది. అరిచెయ్యి లోపలి అంచు మీద పెట్టి రాసి, రేకు ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో చూసింది. ఆ తరవాత "పొట్టిగా ఉంది గానీ పనికొస్తాది" అంది. నా గురించి ఎవరైనా అన్న మొదటి మంచిమాట అదే.

మొదటి ప్రయాణానికి నన్ను మాస్టారే సర్దాడు. స్కౌటు పద్ధతి. పొడుగువి ఒక వరస, పొట్టివి ఒక వరస, బరువైనవన్నీ వెనక. చూడ్డానికి పరేడులా ముచ్చటగా ఉంది. తాటిపూడి దారిలో బండి కాస్త వేగం అందుకునేసరికి బరువు నన్ను వెనక్కి గుంజింది. బుల్లెట్టుకు తగిలించే నా మెడ పైకి లేచింది. నేను ఆపుకోలేక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాను. బుల్లెట్టు కూడా నాతో పాటు ఊగింది. కాలవ గట్టు మీద ఎలాగో ఆపగలిగాడు. మాస్టారి వీపు చెమటతో తడిసి ముద్దయింది.

రత్నం బండి దిగి, చీర కొంగు బొడ్లో దోపుకుని, నా కడుపులోని సామానంతా రోడ్డు పక్కన దింపింది. బియ్యం సంచీ, నీళ్ళ డబ్బా తీసి నా మెడకు ఆనించి పెట్టింది. దుప్పట్లు వెనక్కి తోసింది. గుడారం అన్నిటికంటే పైన పెట్టింది. చేరగానే ముందు కావలసింది గుడారమే కదా, అది అడుగున ఉంటే అన్నీ కెలకాలి. టీ సామాను ఒక ఎర్ర సంచిలో వేసి పక్కగా ఇరికించింది, తాడు విప్పకుండానే చెయ్యి దూర్చి తీసుకోవచ్చు. ఆ తరవాత ఇంటికి వచ్చేదాకా నేను మళ్ళీ ఊగలేదు. నన్ను సర్దే పని ఆ రోజు నుంచి ఆమెది అయిపోయింది. మాస్టారు మాత్రం స్నేహితులతో "మేం ఇలగ సర్దుతాం" అని బహువచనంలో చెప్పుకునేవాడు. మగవాళ్ళకు ఆ సదుపాయం ఉంది.

జాకెట్ల లైనింగు గుడ్డల్లో మిగిలిన ముక్కలతో ఆమె నా కోసం సంచులు కుట్టింది. ఎరుపు టీకి, ఆకుపచ్చ వంటకి, నీలం మందులకీ దీపాలకీ, గులాబీరంగు తన చీరలకి. ఏది ఎక్కడుందో వేళ్ళు తగిలితే చాలు ఆమెకు తెలిసేది. సర్దడం అయ్యాక నా అంచు మీద ఒకసారి తట్టేది. బయలుదేరదామని దాని అర్థం. దారిలో గతుకు వస్తే ఆమె వీపు సగం తిరిగేది, ఏమైనా జారిందేమోనని నా వైపు చూసేది. రెండు వీపుల్లోనూ నాకు ముఖం చూపించిన వీపు అదొక్కటే. అందుకే ఆమె అంటే నాకు ఇష్టం. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

మాస్టారికి మిగిలిన పని బరకం కట్టడం. బరకమంటే పాకల మీదా లారీల మీదా కప్పే మందపాటి పట్టా. మబ్బు పట్టిందంటే ఆయన మెడ పైకెత్తేవాడు. చేతి మీద ఒక్క చినుకు పడిందో లేదో, అది సంత మధ్యయినా సరే, బండి ఆపి, దిగి, బరకం లాగి నా మీద కప్పి, రింగుల్లోంచి తాడు బిగించి, చివర స్కౌటు ముడి వేసేవాడు. ఇదంతా చెయ్యడానికి ఆయన ఆలోచించనక్కర్లేదు, చేతులే చేసుకుపోయేవి. అంతా అయ్యాక ఇద్దరూ తడిసి ముద్దవుతూ బండి మీద పోయేవారు. నేను మాత్రం లోపల పొడిగా, వెచ్చగా ఉండేదాన్ని.

"మనం నానిపోయినా పర్లేదు, సామాను తడవకూడదు. అదీ మా మాస్టారి లెక్క" అనేది రత్నం.

ఆమె కూడా ఆయన్ని మాస్టారనే పిలిచేది. పొద్దున్నే గుడారం బయట నిలబడి ఆయన ఈల ఊదితే "నేను మీ ఏడో తరగతి కాదు" అని మళ్ళీ దుప్పటి ముసుగేసుకునేది. టీలో పంచదార ఎక్కువైందని ఆయన, తక్కువైందని ఆమె దెబ్బలాడుకునేవారు. పిల్లలు లేరు. ఆ మాట నా ముందు ఎప్పుడూ రాలేదు గానీ, ఇద్దరు మనుషులు ఒక గిన్నెలో వండుకున్నది తింటూ అంతసేపు కబుర్లు చెప్పుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులు నాకు దక్కినందుకు సంతోషంగా లేదు. దక్కకపోయినా బాగుండేదనిపిస్తుంది.

రత్నానికి ఒకే ఒక్క కోరిక ఉండేది. వలిసె పూలు చూడాలి. కార్తీకమాసం వస్తే అరకు కొండల్లో వలిసె చేలు పూస్తాయి. నూనెగింజల పంట. కొండ వాలంతా పసుపచ్చగా అయిపోతుందట. కొద్ది రోజులే ఉంటుంది, ఆ తరవాత కోసేస్తారు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఫోన్లో చూపించింది మొదలు ఆమెకు అదే ధ్యాస. ఆ పసుపచ్చ రంగుకి సరిపోయే దారం తన డబ్బాలో ఉందేమోనని వెతికింది, లేదు. కాని బడికి సెలవులు వేసవిలో, దసరాకి. దసరాకి పైకి వెళితే చేలన్నీ ఇంకా ఆకుపచ్చగా ఉండేవి. ఒక దసరాకి ఆమె నా అంచు మీద కూర్చుని ఆ చేలవైపు చాలాసేపు చూసింది.

"ఇంకొక్క నెల ఆగితే ఇదంతా పసుపైపోతాది" అంది.

"నా రిటైర్మెంటు అయిపోనీ రత్నం. ఆ కార్తీకం మనదే. పూలు రాలినదాకా అక్కడే ఉండిపోదాం" అన్నాడు మాస్టారు.

రిటైర్మెంటు వచ్చింది. దానికంటే కాస్త ముందే ఆమె చేతులకు జబ్బు వచ్చింది. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకే. నా వెనక తలుపుకి రెండు క్లిప్పులుంటాయి, బొటనవేలితో నొక్కాలి. ఒకరోజు ఆమె వేలు ఎంత నొక్కినా క్లిప్పు పడలేదు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని, అరిచేత్తో గుద్ది వేసింది. తరవాత సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. తరవాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పారు. విశాఖపట్నం తీసుకెళితే డాక్టర్లు కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేసే జబ్బన్నారు. చేతుల తరవాత కాళ్ళు, ఆ తరవాత మాట. మందు లేదన్నారు.

ఆ కార్తీకానికి ఆమె ఇంకా నడుస్తోంది. గోడ పట్టుకుని నడుస్తోంది గానీ నడుస్తోంది. మాస్టారి నడుముకి తన నడుము తువ్వాలుతో కట్టుకుంటే బండి మీద కూర్చోగలదు, కూర్చుని గుడి దాకా వెళ్ళొచ్చారు కూడా. ఆ సాయంత్రమే అడిగింది.

"మాస్టారూ, ఎల్లిపోదాం. సామానేటీ వద్దు. ఒక్క ఎర్ర సంచీ వేసుకుని ఎల్లి, పూలు సూసి ఒచ్చీద్దాం."

"ఎల్దాం. తప్పకుండా ఎల్దాం. కాస్త సర్దనీ" అన్నాడాయన.

సర్దనీ అన్న ఆ మాటతోనే అంతా పోయింది. ఆ మాట వింటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నిటికీ సిద్ధంగా ఉండాలని జీవితమంతా పిల్లలకు నేర్పిన మనిషి. చలేస్తే ఎలా అని ఉన్ని దుప్పట్లు తెచ్చాడు. కింద పడుకోలేదేమోనని మడత మంచం చేయించాడు. దొడ్డికి వెళ్ళడానికి అడుగున డబ్బా ఉన్న కుర్చీ. రబ్బరు షీటు. కరెంటు ఉండదని ఇంకో దీపం, పొయ్యి ఆరిపోతుందేమోనని ఇంకో పొయ్యి. ఆయన చెడ్డవాడైతే నేను తిట్టుకుని ఊరుకునేదాన్ని. భయపడ్డాడు. ఆమెకు ఆ కొండల్లో ఏదైనా అయితే తను ఒక్కడూ ఏం చెయ్యగలడన్న భయం. ఆ భయాన్ని వస్తువులుగా మార్చి తెచ్చి నా కడుపులో కుక్కాడు.

రత్నం వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసేది.

"బియ్యం ముందుకి పెట్టండి. ఆ మంచం ఎనకాల పెడితే ఊగుతాది" అనేది.

"నువ్వు కూకో రత్నం. నేను చేస్తన్నాను కదా."

ఎంత ప్రేమగా అనేవాడో ఆ మాట. ఆమె లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టేవాడు. ఆమె సంచి అందుకోబోతే చేతిలోంచి మెల్లిగా తీసుకునేవాడు. ఆమె వేళ్ళు ముడులు వెయ్యలేకపోయినా, ఏది ఎక్కడ పెట్టాలో నోటితో చెప్పగలదు. ఆ తెలివికి ఏ జబ్బూ రాలేదు. కాని ఆమెను శ్రమ పెట్టకూడదని ఆయన పట్టు. జబ్బు ఆమె చేతుల్ని తీసుకుంటే, మిగిలిన పనిని ఈయన తీసుకున్నాడు.

సర్దడం అయ్యాక వీధిలో ఒక చుట్టు తిప్పి చూసేవాడు. నేను ఊగేదాన్ని. అన్నీ దింపి మళ్ళీ సర్దేవాడు. మళ్ళీ ఊగేదాన్ని. రేపు బయలుదేరదామనేవాడు. ఆ రేపటికి ఇంకో వస్తువు గుర్తొచ్చేది. ఇంతలో అల్పపీడనమన్నారు, అది పోయాక ఇంకొకటన్నారు. ఒక మధ్యాహ్నం లెక్కల మాస్టారు అరకు వెళ్ళొచ్చి, కుశలం అడగడానికి వచ్చాడు.

"వలిసె ఎలగుందండీ?" అని అడిగింది రత్నం. అప్పటికే మాట కాస్త ముద్దగా వస్తోంది.

"ఇంకెక్కడి వలిసెమ్మా, కోసీసినారు. కల్లాల్లో కొట్టీస్తన్నారు."

లెక్కల మాస్టారు వెళ్ళిపోయాడు. మాస్టారు నా పక్కన తాడు చుట్ట చుడుతూ నిలబడ్డాడు.

"సర్దడం అయినాదా?" అని అడిగింది.

"అయిపోనాది రత్నం. దాదాపు అయిపోనాది."

"అయితే దించీండి" అని లోపలికి వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని తనంతట తను నడిచి వెళ్ళడం నేను చూసిన ఆఖరిసారి అది.

మరుసటి కార్తీకానికి ఆమె కూర్చోలేకపోయింది. కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేది. మాట మాస్టారికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అప్పుడు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన రోజున ఆయన ముఖం వెలిగిపోయింది. నన్ను బుల్లెట్టుకు తగిలించుకుని తిన్నగా ఎర్నాయుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. పెట్టె గోడ ఒక పక్క కోసి తలుపులా చెయ్యాలి, లోపల కారు సీటు బిగించాలి, బెల్టులు పెట్టాలి అన్నాడు.

ఎర్నాయుడు నవ్వలేదు ఈసారి. "ఇది సామాను బండి మాస్టారూ. మనిషికి చేసింది కాదు" అన్నాడు.

"ఆవిడకి కొత్తేటి నాయుడూ. ఇన్నేళ్ళూ ఇందులో చెయ్యి పెట్టని రోజు లేదు."

ఎర్నాయుడు అద్దం ముఖం మీదికి దింపుకుని పని మొదలుపెట్టాడు. బరువు మెడ దగ్గర పడాలి కనక సీటు ముందు గోడకు ఆనించి బిగించాలి. కాళ్ళు చాపుకోవడానికి జాగా కావాలి కనక సీటు వెనక్కి తిరిగి ఉండాలి. అంటే కూర్చున్న మనిషికి ఎదర వచ్చే దారి కనిపించదు, వదిలేసిన దారే కనిపిస్తుంది. వేరే మార్గం లేదన్నాడు ఎర్నాయుడు. మాస్టారు సరేనన్నాడు.

బయలుదేరిన రోజు పొద్దున్న ఆమెకు తల దువ్వి, గులాబీరంగు చీర కట్టి, రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి నాలో కూర్చోబెట్టాడు. బెల్టు పెట్టాడు. ఒరగకుండా అటొక దిండు, ఇటొక దిండు దోపాడు. మోకాళ్ళ కింద దుప్పటి చుట్ట పెట్టాడు. తల ఊగకుండా మెత్తని పట్టీ ఒకటి కట్టాడు. బరువంతా మెడ దగ్గర పడింది. ఏదీ జారలేదు, ఏదీ కదల్లేదు. వీధిలో తిప్పి చూస్తే నేను తిన్నగా నడిచాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను సరిగ్గా సర్దింది ఆ ఒక్కసారే.

జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. "ఎక్కడికి రత్నమ్మా?" అని అడిగారు. ఆమె ఏదో అంది. "పూలు సూడ్డానికటండీ" అని మాస్టారు చెప్పాడు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. రత్నం అది చూసింది. చూడనట్టు ఉండటానికి ఆమెకు ముఖం తిప్పుకునే వీలు లేదు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. ముందు రోజు ఆయన కొండంత ఉత్సాహంతో తలుపు వేసి తీసి చూపిస్తుంటే, ఆమె కళ్ళు నన్ను కాదు, ఆయన్ని చూశాయి. వద్దంటే ఆయన ఏమైపోతాడోనని ఒప్పుకుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు బయలుదేరారు. వెళ్ళాలని ఇద్దరిలో ఎవరికి ఉందో నాకు తెలియదు.

అయినా దారిలో కొంతసేపు ఆమె సంతోషంగానే ఉంది. చెరకు తోటల మీంచి చల్లటి గాలి వచ్చింది. చెరకు బండి ఒకటి వెనకబడుతుంటే, "గెడలు సూడండి, ఎంతెంత ఉన్నాయో" అంది. ఒక చెరువులో కొంగలు కనిపిస్తే "మాస్టారూ, కొంగలు" అంది. బుల్లెట్టు చప్పుడులో ఆయనకు వినబడలేదు. బండి మీద వెనక కూర్చున్న రోజుల్లో అయితే ఆమె గడ్డం ఆయన భుజం మీద ఉండేది, గుసగుసగా చెప్పినా వినబడేది. ఇప్పుడు వాళ్ళిద్దరి వీపులూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, మధ్య నా మెడంత దూరంలో. ఆమె ఇంకో రెండు మూడు సార్లు 'మాస్టారూ' అంది. తరవాత అనడం మానేసింది.

శృంగవరపుకోటలో టీకి ఆగాం. నా చుట్టూ జనం మూగారు. "పేషెంటా అండీ?" అని ఒకడు మాస్టారిని అడిగాడు. "మాట రాదా?" అని ఇంకొకడు. ఒకతను నా చక్రాలు వంగి చూసి, "బాగుందండీ బండి, ఎక్కడ కట్టించినారు?" అన్నాడు. మాస్టారు గర్వంగా, ఎర్నాయుడి షెడ్డు గురించీ సీటు గురించీ బెల్టుల గురించీ చెప్పుకుపోయాడు. ఒకామె ఫోను తీసి రత్నం వైపు పెట్టింది. రత్నం కళ్ళు మూసుకుంది. టీ చల్లారిపోయింది, ఆమె తాగలేదు.

బొడ్డవర దాటాం. ఇక కొంచెం పోతే ఘాటు రోడ్డు మొదలవుతుంది. కొండల మీంచి మబ్బు కిందికి దిగింది. ముందు మాస్టారి వీపు బిగుసుకుంది, ఆయన మెడ పైకెత్తాడు. ఒక చినుకు నా అంచు మీద పడింది. ఆయన చేతి మీద కూడా పడే ఉంటుంది. బండి పక్కకు తీసి ఆపాడు. దిగాడు. మడత పెట్టిన బరకం లాగి, ఒక్క విసురుతో నా మీద కప్పాడు. ఈ పక్క రింగులోంచి తాడు ఆ పక్క రింగులోకి, అక్కణ్ణించి వెనక్కి, మళ్ళీ ఈ పక్కకి. గట్టిగా లాగి బిగించాడు. చివర ముడి వేశాడు. వాన పెద్దదయ్యేలోపు అంతా అయిపోయింది. ఆయన చేతులు ఎప్పుడూ చేసే పనే చేశాయి.

ఆమె కోసం కొన్న వాన కోటు సీటు కిందే ఉంది.

లోపల చీకటి. బరకం వాసన. చినుకుల చప్పుడు తలమీదే వినిపిస్తోంది. ఆమె ఊపిరి కాసేపు గబగబా వచ్చింది, తరవాత నెమ్మదించింది. ఆమె చెయ్యి ఎత్తలేదు, బరకాన్ని తోసుకోలేదు. ఇంజను ఆగి ఉంది కనక ఈసారి ఆమె మాట బయటికి వినబడింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఏడో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యేలా అంది.

"మాస్టారూ. నేను సామాన్ని కాదు."

మాస్టారు తాడు కొస చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాన ఆయన మీద పడుతోంది. తరవాత ముడి విప్పబోయాడు. ఆ ముడి వానలో బిగుసుకుంటుందని, ఊడి రాదని పిల్లలకు చూపించి మెప్పు పొందిన ముడి. తడికి వేళ్ళు జారిపోయాయి. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. "వొచ్చీసినాను రత్నం, వొచ్చీసినాను" అంటూనే ఉన్నాడు. చివరికి తాడు వదిలేసి, బరకాన్నే ఒక పక్క చించాడు.

ఆమె ఏడవలేదు. ముఖం మీద వాన పడుతుంటే కళ్ళు ఆర్పుతూ ఆయన్ని చూసింది.

"ఎనక్కి తిప్పండి" అంది.

"ఇంకెంత రత్నం? ఈ కొండెక్కితే పూలే. చెయ్యి పొరపాటున..."

"నిరుడు ఎల్లుంటే మీ ఎనకాల కూకుని ఒచ్చేదాన్ని. ఎప్పుడు ఎల్దామన్నాను నేను?"

ఆయన సీటు కిందికి వంగాడు. వాన కోటు తీసి ఆమెకు తొడిగాడు. చాలాసేపు పట్టింది తొడగడానికి, ఆమె చేతులు ఒక్కొక్కటే ఎత్తి దూర్చాలి. ఆ తరవాత బండి తిప్పాడు. వెళ్ళేటప్పుడు ఆమెకు కొండలు కనిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా అవే కనిపించాయి, కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

ఆమె ఉగాది దాకా బతికింది. ఆ కొన్ని నెలలూ మాస్టారు నా దగ్గరికి రాలేదు. ఇంటి వెనక రేకుల కింద నన్ను నిలబెట్టి వెళ్ళిపోయాడు. లోపలి నుంచి ఆయన మాటలు వినబడేవి. అన్నం తినమని, మందు మింగమని, కాస్త తల తిప్పమని. జవాబు వినబడేది కాదు. మొదట్లో అది నా చెవుల దోషం అనుకున్నాను. ఆమె ఆయన మీద కోపంతో మాట్లాడటం లేదో, మాట్లాడలేకపోతోందో నాకు తెలియలేదు. ఆయనకు కూడా తెలియలేదనుకుంటాను. ఆ ఒక్క సంగతి తేలకుండానే ఆమె పోయింది.

కర్మకాండలు అయ్యాక మాస్టారు ఒకరోజు వచ్చి, సీటు విప్పేశాడు. రంగు రంగుల సంచులు తెచ్చి, బియ్యం మెడ దగ్గర, దుప్పట్లు వెనక, గుడారం పైన, ఆమె పెట్టినట్టే ఒక్కొక్కటీ పెట్టాడు. ఆయనకు అంతా తెలుసు. ఆమె చెప్పిన ప్రతిదీ విన్నాడు. అప్పుడు వినలేదేమని నేను అడగలేను కదా. సర్దడం అయ్యాక నా పక్కన కింద కూర్చుని, పెద్దగా, ఇరుగుపొరుగు వినేలా ఏడ్చాడు. మళ్ళీ అన్నీ దింపేశాడు.

అరకులో యాత్రికులకు గుడారాలు అద్దెకిచ్చే ఆసామి ఒకడు నేను ఖాళీగా పడి ఉన్నానని విని వచ్చాడు. గుడారం, పొయ్యిలు, మడత మంచం, నేను, అన్నీ కలిపి తీసుకుంటానన్నాడు. మాస్టారు బేరమాడలేదు. నన్ను జీపుకు తగిలిస్తుంటే మాత్రం దగ్గరికి వచ్చాడు.

"బరువు మెడ దగ్గర పెట్టాల. ఎనకాల పెడితే ఊగుతాది" అన్నాడు. కాస్త ఆగి, "మా ఆవిడ చెప్పేది" అన్నాడు.

ఆసామి తలూపాడు. వినలేదు. ఒక వేసవంతా నన్ను ఇష్టం వచ్చినట్టు సర్ది ఘాటు ఎక్కించాడు, దింపాడు. ఒక మలుపులో నా ఇరుసు విరిగింది. బాగుచేయిస్తే దండగన్నారు. చక్రాలు పీకేసి, పసుపూ ఎరుపూ రంగులు పూసి, ఒక వలిసె చేను మధ్యలో రాళ్ళ మీద నిలబెట్టారు. ఫోటోలు దిగేవాళ్ళు కూర్చోవడానికి పనికొస్తానట.

ఇప్పుడు కార్తీకం. నా చుట్టూ నాలుగు వైపులా వలిసె పూసింది. కొండ మొదలు నుంచి రైలు కట్ట దాకా వేరే రంగు లేదు. జంటలు వస్తారు, నా మీద కూర్చుంటారు, నవ్వుతారు, ఫోటో బాగా రాలేదని మళ్ళీ నవ్వుతారు, వెళ్ళిపోతారు. అందరూ ఎంత బాగుందో అంటారు. బాగుంటే బాగుంది, రేకు బండిని, నేను చూసి ఏం చేసుకోను? చూడవలసిన మనిషి నడవగలిగిన రోజుల్లోనే, ఒక్క ఎర్ర సంచీతో పోదామని అడిగింది. చోడవరం నుంచి ఇక్కడికి ఒక్క పూట ప్రయాణం.